బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ వెళ్లే ముందు: ట్రైల్ పనులు, మూసివేతల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి వచ్చిందంటే బే ఏరియాలో చాలా తెలుగు ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. గోల్డెన్ గేట్ చూడటం అయ్యాక, గుళ్లకు వెళ్లడం అయ్యాక "ఇక్కడ ఎక్కడో ఆకాశమంత చెట్లు ఉన్నాయంట కదా, అవి చూపించరా" అని అడుగుతారు. అక్కడి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. శాంటా క్రూజ్ కొండల్లో రెడ్‌వుడ్ అనే ఆ ఎత్తైన చెట్లున్న బిగ్ బేసిన్ పార్క్ తెరిచారా? ఫలానా ట్రైల్ మూసేశారంట, నిజమేనా? ఇంకెన్నాళ్లు మూస్తారు? 2020 మంటలకు ముందూ తర్వాతా ఆ అడవికి చాలాసార్లు వెళ్లినదాన్ని కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. ఒకే జవాబు పదిసార్లు టైప్ చేసే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది పార్క్ వాళ్లు రాసింది కాదు, నేను రాసుకున్నది. అక్కడ పరిస్థితి వారం వారం మారుతుంది. అందుకే బయల్దేరే రోజు పొద్దున కాలిఫోర్నియా స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్‌లో బిగ్ బేసిన్ పేజీ ఒకసారి చూడండి.

ఇంతకీ పార్క్ తెరిచి ఉందా, మూసేశారా?

తెరిచే ఉంది. కాకపోతే మొత్తం తెరవలేదు. 2020 ఆగస్టులో కాలిపోయాక దాదాపు రెండేళ్లు పూర్తిగా మూసేశారు. 2022 జూలై 22న పగటిపూట సందర్శనకు కొంత భాగం తెరిచారు. పెద్ద చెట్ల మధ్య తిరిగే రెడ్‌వుడ్ లూప్, ఫైర్ రోడ్లు 18 మైళ్ల మేర మొదట అందుబాటులోకి వచ్చాయి. ఫైర్ రోడ్లంటే అగ్నిమాపక బండ్లు వెళ్లడానికి వేసిన వెడల్పాటి మట్టి రోడ్లు. మిగతా ట్రైల్స్ ఒక్కొక్కటిగా బాగు చేస్తూ తెరుస్తున్నారు. తెరిచిన దాన్ని గాలివాన తర్వాత మళ్లీ మూసిన సందర్భాలూ ఉంటాయి. "పోయిన నెల మా కజిన్ వెళ్లొచ్చాడు, బాగానే ఉందంట" అన్న మాట పట్టుకుని బయల్దేరకండి.

2020లో అసలేం జరిగింది?

ఆ ఆగస్టు 16న వర్షం పెద్దగా లేని ఉరుములు, మెరుపులు వచ్చాయి. పిడుగులు పడి శాంటా క్రూజ్ కొండల్లో చాలాచోట్ల నిప్పు రాజుకుంది. రెండు రోజులకు గాలి మారి ఆ నిప్పులన్నీ కలిసి ఒకే కార్చిచ్చు అయ్యాయి. సీజడ్‌యూ లైట్నింగ్ కాంప్లెక్స్ అని పిలిచిన ఆ మంట 86,000 ఎకరాలకు పైగా తినేసింది. పద్దెనిమిది వేల ఎకరాల పైచిలుకు ఉన్న బిగ్ బేసిన్‌లో 97 శాతం దాని దారిలోనే ఉంది.

ఈ పార్క్ 1902లో ఏర్పడింది. కాలిఫోర్నియా స్టేట్ పార్కులన్నిటిలో ఇదే పాతది. 1936 నాటి దుంగల హెడ్‌క్వార్టర్స్ భవనం ఒకటి ఉండేది. మహామాంద్యం కాలంలో ప్రభుత్వం పనిచ్చిన కుర్రాళ్లు, సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ వాళ్లు, కట్టింది అది. ఆ భవనం, మ్యూజియం, దుకాణం, క్యాంప్‌గ్రౌండ్లు, నీళ్ల పైపులు, బోర్డులు, చెక్క వంతెనలు అన్నీ పోయాయి. అక్కడికి వెళ్తే రాతి మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లు ఎక్కితే చేరేందుకు ఇల్లు లేదు. మా పెద్దబ్బాయికి నాలుగేళ్లప్పుడు ఆ మెట్ల మీద కూర్చోబెట్టి ఫోటో తీశాను. మళ్లీ వెళ్లినప్పుడు వాడే గుర్తుపట్టాడు, "అమ్మా, మన మెట్లు" అని.

మంటలు ఆరి ఇన్నేళ్లయింది. ఒక కాలిబాట బాగు చేయడానికి ఇంత కాలం పడుతుందా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. కోపంగా అడిగేదీ ఇదే. నాకూ మొదట్లో ఆ కోపం ఉండేది. ఎందుకు పడుతుందో తెలుసుకున్నాక తగ్గింది. అందుకే దీనికి కొంచెం వివరంగా చెబుతాను.

కొండ మీద కాలిబాట అంటే నలుగురు నడిస్తే పడే జాడ కాదు. ఏటవాలుగా ఉన్న కొండ పక్కను మెట్టులా కోసి, నడిచే చోటును లోయ వైపు కొంచెం వాల్చి కడతారు. పైనుంచి వచ్చిన వాన నీరు దారిని అడ్డంగా దాటి కిందికి పోవాలి, దారి వెంట పారకూడదు. దారి వెంట పారిందంటే రెండు వానాకాలాల్లో అది కాలువ అయిపోతుంది. అక్కడక్కడా నీళ్లు బయటికి మళ్లేలా చిన్న పల్లాలు తీస్తారు. మట్టి జారే చోట దుంగలతోనో రాళ్లతోనో చిన్న గోడ కడతారు. వాగు వచ్చిన చోట వంతెన.

మంట వచ్చినప్పుడు దుంగ గోడలు కాలిపోయాయి. వాటి మీద ఆనుకున్న దారి కిందికి జారిపోయింది. తీవ్రంగా కాలిన నేలలో మరో సమస్య వస్తుంది. కాలిన ఆకుల్లోని మైనం లాంటి పదార్థం మట్టి లోపల పొరలా పేరుకుంటుంది, నీళ్లు ఇంకవు. పడిన వాన పడినట్టే మట్టిని, బూడిదను, బండలను లాక్కుంటూ కిందికి దూకుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో గట్టి వానలకు కొండచరియలు విరిగిపడి దారి మూసేయడం మనం చూశాం కదా. ఇక్కడ ఆ కొండ మీద చెట్లు కూడా కాలి ఉన్నాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మంట ఆరిన ఏడాది కన్నా, ఆ తర్వాతి ఏళ్లలో ప్రమాదం పెరుగుతుంది. రెడ్‌వుడ్లు బతికాయి కానీ డగ్లస్ ఫర్ చెట్లు చాలావరకు చచ్చిపోయాయి. చచ్చిన చెట్టు వెంటనే పడదు. నిలబడే ఎండుతుంది. వేర్లు నేలలో కుళ్లడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ వేర్లు పట్టి ఉంచిన మట్టి అప్పుడు వదులవుతుంది. అంటే ఒక ట్రైల్ బాగు చేసి తెరిచాక కూడా, పక్కన నిలబడిన మోడు ఏ గాలికో దారికి అడ్డంగా కూలొచ్చు. ట్రైల్ తెరిచే ముందు దానికి అందేంత దూరంలో ఉన్న ప్రతి చెట్టునూ చూసి, ప్రమాదమైనవి కొట్టేయాలి. మైళ్ల కొద్దీ.

ఇక వంతెనలు. వాగు దగ్గరికి రోడ్డు ఉండదు. దూలాలు, బోల్టులు, ఇనుప చట్రాలు భుజాల మీదో ఒంటి చక్రం తోపుడు బండి మీదో చేరాలి. మరీ లోపలైతే హెలికాప్టర్ రావాలి.

వీటన్నిటికన్నా పెద్ద ఇబ్బంది క్యాలెండర్. అది కింద పక్షి ప్రశ్నలో చెబుతాను.

పక్షి కోసం పనులు ఆపుతారంట. నిజమా?

నిజమే. ఆ పక్షి పేరు మార్బుల్డ్ మర్రెలెట్. అరచేతిలో పట్టేంత కాకపోయినా చిన్నదే, పావురం కన్నా చిన్నది. బతుకంతా సముద్రంలో, చేపలు తింటూ. గుడ్డు పెట్టడానికి మాత్రం తీరం నుంచి మైళ్ల దూరం లోపలికి ఎగిరి వచ్చి, వందల ఏళ్ల నాటి చెట్టు కొమ్మ మీద వాలుతుంది. గూడు కట్టదు. నాచు పట్టిన వెడల్పాటి కొమ్మ మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ మార్చి మార్చి పొదుగుతాయి. తెల్లవారుజామున ఒకటి సముద్రం నుంచి వస్తే రెండోది వెళ్తుంది.

ఈ పక్షి గుడ్డు ఎక్కడ పెడుతుందో చాలా కాలం శాస్త్రవేత్తలకు అంతుపట్టలేదు. 1974 ఆగస్టులో బిగ్ బేసిన్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే, కొమ్మలు కొట్టడానికి డగ్లస్ ఫర్ ఎక్కిన ఒక పనివాడికి దాదాపు 150 అడుగుల ఎత్తులో దాని పిల్ల కనిపించింది. అలా బయటపడింది రహస్యం. చెట్టెక్కే మనిషి కళ్లు అన్నీ చూస్తాయి. మా ఊళ్లో తాటిచెట్లెక్కే వాళ్లకు తెలిసినన్ని పిట్టల సంగతులు ఇంకెవరికీ తెలిసేవి కావు.

పాత చెట్లు కొట్టేయడంతో, గుడ్లు కాకుల పాలవడంతో ఈ జాతి తగ్గిపోయింది. 1992 నుంచి చట్టం దీన్ని కాపాడుతోంది. మార్చి చివర నుంచి సెప్టెంబర్ మధ్య వరకు పొదిగే కాలం. ఆ రోజుల్లో పాత చెట్ల దగ్గర రంపపు మోటార్లు, హెలికాప్టర్ల చప్పుడుకు ఆంక్షలుంటాయి. మరోపక్క వాగు గర్భంలో పని చేయాలంటే నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే చేయాలి, సాధారణంగా జూన్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. ఇక్కడి వాగుల్లో స్టీల్‌హెడ్, కోహో సాల్మన్ చేపలు ఉంటాయి, వాటికీ చట్టం రక్షణ ఉంది.

ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పెద్ద చెట్ల మధ్య ఉన్న వాగు మీద చప్పుడు చేస్తూ వంతెన కట్టడానికి మిగిలేది ఏడాదికి దాదాపు నెల. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య. ఆ నెలలో సామాను రాకపోయినా, వాన ముందే వచ్చినా, వేరే చోట మంటలు లేచి మనుషులు అటు వెళ్లినా, మళ్లీ వచ్చే ఏడే. "ఒక వంతెనకు ఏళ్లా?" అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ఈ లెక్కే చెబుతాను.

మనం తినేదానికి, ఆ పక్షికి ఏం సంబంధం?

చాలా ఉంది. మనవాళ్లు వెళ్తే బాక్సుల్లో పులిహోర, పూరీలు, చేగోడీలు తప్పకుండా ఉంటాయి. నాలుగు మెతుకులు కింద పడతాయి. "పోనీలే, పిట్టలు తింటాయి" అనుకుంటాం. మనకు అది పుణ్యం లాగే అనిపిస్తుంది, మా అత్తయ్యగారికి రోజూ కాకికి ముద్ద పెట్టడం అలవాటు.

ఇక్కడ మాత్రం అది హాని చేస్తుంది. తల మీద నల్లటి కుచ్చుతో నీలంగా ఉండే స్టెల్లర్స్ జే అనే పిట్ట, పెద్ద అడవి కాకి, ఈ రెండూ మనుషుల తిండి ఉన్న చోటికి గుంపులుగా చేరతాయి. తిండి దొరికిన కొద్దీ సంఖ్య పెరుగుతుంది. అవే పైకొమ్మల మీద మర్రెలెట్ గుడ్డు కనబడితే తినేస్తాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి ఆ గుడ్డు పోతే ఏం మిగులుతుంది? పార్క్ వాళ్లు "ఒక్క ముక్క కూడా వదలొద్దు" అని ఏళ్ల తరబడి ప్రచారం చేస్తున్నది అందుకే.

మేమైతే బల్ల మీద పాత చీర ముక్క పరిచి తింటాం. అయ్యాక నాలుగు మూలలూ పట్టుకుని మూటగట్టి కారులో వేసుకుంటాం. మెతుకు కూడా కింద పడదు.

బోర్డు పెట్టి టేపు కట్టారు. పక్కనుంచి కొంచెం దూరం వెళ్లొస్తే ఏమవుతుంది?

దయచేసి వెళ్లకండి. జరిమానా పడుతుంది, అది అలా ఉంచండి. నాకేం జరిగిందో చెబుతాను.

ఇదే కొండల్లో కాలిన మరో చోట, పేరు అనవసరం, ఒక వంపు దగ్గర టేపు కట్టి ఉంది. అవతల దారి శుభ్రంగా కనిపిస్తోంది. ఫోటో కోసం టేపు కింద నుంచి వంగి పది అడుగులు వేశాను. పదకొండో అడుగుకు కాలు మోకాలి దాకా నేలలోకి దిగిపోయింది. పైన ఎండుటాకులు, పల్చటి మట్టి పొర. కింద ఖాళీ. మంట చెట్టు మొద్దుతో ఆగదు, వేర్ల వెంట నేల లోపలికి పాకి వాటిని కాల్చేస్తుంది. వేరు ఉన్న చోట గొట్టంలా సొరంగం మిగులుతుంది. కాలు బయటికి లాగితే బూటు నిండా బూడిద, పిక్క మీద అడుగు పొడవున గీరుకుపోయింది. ఎముక విరగలేదు, అంతే. వెనకే మా చిన్నవాడు నన్ను చూసి టేపు కిందకి వంగుతున్నాడు. వాడి నడుం దాకా వచ్చే గుంత అది.

ఆ తర్వాత టేపు దాటలేదు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. కాలు విరిగితే ఎవరికైనా తెలిసేదాకా గంటలు పడుతుంది.

"తాత్కాలికంగా మూసివేశారు" అంటే ఎన్ని రోజులు?

కారణం బట్టి. అడ్డంగా పడిన చెట్టయితే కొద్ది రోజుల్లో తీసేస్తారు. కొట్టేసిన కొమ్మలు, ఎండుపుల్లలు కుప్పలు పోసి వానాకాలంలో కాలుస్తారు. ఆ పొగ ఉన్నన్ని రోజులు చుట్టుపక్కల దారి మూస్తారు. కొండచరియ జారితే నెలలు. వంతెన పోతే ఏళ్లు. బోర్డు మీద కారణం రాసి ఉంటే అది చదివితే చాలు, మీకే అంచనా వస్తుంది.

వానాకాలంలో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, అడవి అప్పుడే అందంగా ఉంటుంది. నవంబర్ నుంచి మార్చి దాకా గట్టి తుఫాను ముందు, తర్వాత మాత్రం వద్దు. పార్క్ తెరిచి ఉన్నా రోడ్డు మూసి ఉండొచ్చు. పార్క్‌కు వెళ్లే హైవే 9, హైవే 236 రెండింటి మీదా చెట్లు పడుతుంటాయి, గట్లు విరుగుతుంటాయి. రాష్ట్ర రోడ్ల శాఖ క్యాల్‌ట్రాన్స్ ఇచ్చే రోడ్ల సమాచారం కూడా చూసుకోండి. పార్క్ పేజీలో రోడ్డు సంగతి ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది.

బెర్రీ క్రీక్ జలపాతం తెరిచారా?

ఎక్కువ మందికి నిరాశ ఇక్కడే. దాదాపు 70 అడుగుల జలపాతం, రెడ్‌వుడ్ల మధ్య. పాత ఫోటోలు చూసి అందరూ దానికోసమే అడుగుతారు. అక్కడికి వెళ్లే దారి పార్క్ మధ్యలోంచి చాలా లోపలికి పోతుంది. ఆ వైపు బాగా కాలింది, వంతెనలూ చాలా అవసరమయ్యాయి. పార్క్ తెరిచాక కూడా ఏళ్ల తరబడి ఆ దారి మూసే ఉంచారు. కాజిల్ రాక్ స్టేట్ పార్క్ నుంచి సముద్రం దాకా వెళ్లే స్కైలైన్ టు ద సీ ట్రైల్‌కూ ఇదే పరిస్థితి, అది దాదాపు 30 మైళ్ల దారి. పార్క్ పేజీలో "ఓపెన్" అని స్పష్టంగా ఉంటే తప్ప దానికోసం ప్లాన్ చేసుకోకండి.

నా హైకింగ్ యాప్‌లో ట్రైల్ కనిపిస్తోంది. అంటే తెరిచినట్టేనా?

కాదు. యాప్‌లో గీత ఎప్పటిదో కావచ్చు. కాలిపోయిన వంతెన యాప్‌కు తెలియదు. మంటలకు ముందు రాసిన రివ్యూలు కూడా అక్కడే ఉంటాయి, తేదీ చూసి చదవండి.

పార్కింగ్‌కు రిజర్వేషన్ కావాలా?

చేసుకుని వెళ్లండి, ముఖ్యంగా శని, ఆదివారాల్లో. 2022లో తెరిచినప్పుడు 45 కార్లకే చోటుండేది. పార్కింగ్‌కు 6 డాలర్లు, రిజర్వేషన్‌కు 2 డాలర్లు తీసుకునేవారు. చోటు, ధరలు మారుతుంటాయి కాబట్టి సైట్‌లో చూసుకోండి. రెండు కార్లలో వెళ్తే రెండు రిజర్వేషన్లు కావాలి, ఇది చాలామంది మర్చిపోతారు. రోడ్డు పక్కన ఆపి నడిచి వెళ్దామంటే కుదరదు. 236 రోడ్డు ఇరుకు, పక్కన ఆపితే అగ్నిమాపక బండి పట్టదు.

అమ్మానాన్నలు పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులు. వాళ్లు నడవగలరా?

నడవగలరు. రెడ్‌వుడ్ లూప్ ఒక మైలు కూడా లేదు, 0.6 మైళ్లు. దాదాపు చదును. కూర్చుంటూ లేస్తూ తిరిగినా గంటలో అయిపోతుంది. ఫాదర్ ఆఫ్ ద ఫారెస్ట్, మదర్ ఆఫ్ ద ఫారెస్ట్ అని పేర్లు పెట్టిన చెట్లు అక్కడే ఉన్నాయి, రెండూ మంటను తట్టుకున్నాయి. పార్క్‌లో చూడాల్సింది ఇదొక్కటే చూసినా చాలు అంటాను నేను.

అసలు కష్టం రోడ్డుతో. సారటోగా నుంచి హైవే 9 ఎక్కితే ఇక మలుపులే మలుపులు. మా అమ్మకు మొదటిసారి కళ్లు తిరిగి మధ్యలో రెండుసార్లు ఆపాం. ఖాళీ కడుపుతో ఎక్కించకండి, అలాగని దోసెలు దండిగా పెట్టి కూడా ఎక్కించకండి. ముందు సీటు పెద్దవాళ్లకివ్వండి. ఉప్పు రాసిన ఉసిరి ముక్కో అల్లం మురబ్బానో దగ్గరుంచండి.

నీళ్లు, బాత్రూమ్, ఫోన్ సిగ్నల్?

నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పైపులన్నీ కాలిపోయాయి కాబట్టి కుళాయి ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. బాత్రూమ్ అంటే తాత్కాలికంగా పెట్టిన పోర్టబుల్ టాయిలెట్లు. సిగ్నల్ ఉండదు. రిజర్వేషన్ కన్ఫర్మేషన్, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చివరి పెట్రోల్, కాఫీ బౌల్డర్ క్రీక్ ఊళ్లో.

చెట్లన్నీ కాలిపోయాయంటున్నారు. ఇంక వెళ్లి చూడటానికేముంది?

ఈ ప్రశ్న వింటే నాకు బాధేస్తుంది. చూడటానికి ఇప్పుడే ఎక్కువ ఉంది.

రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. పట్టుకుంటే కొబ్బరి పీచులా మెత్తగా ఉంటుంది. పైన్ చెట్టులో లాగా అంటుకునే జిగురు పెద్దగా ఉండదు. బయట బొగ్గయినా లోపలి మాను బతికే ఉంటుంది. అయినా ఈ మంటకు చాలా చెట్లకు కొన దాకా ఆకు అనేదే మిగల్లేదు. ఆకు లేని చెట్టు తిండి ఎలా చేసుకుంటుంది? అందరూ పోయాయనే అనుకున్నారు.

కొన్ని నెలలకే మాను పొడుగునా పచ్చగా నూగు మొదలైంది. అరటి మొదట్లో పిలకలు వచ్చినట్టు చెట్టు మొదట్లోంచీ పిలకలు లేచాయి. శాస్త్రవేత్తలు ఆ చిగుళ్లను పరీక్షించి 2023లో ఒక సంగతి బయటపెట్టారు. ఆ చెట్లు చిగురు వేయడానికి వాడుకున్న శక్తి దశాబ్దాల కిందట ఎండలో తయారు చేసుకుని లోపల దాచుకున్నదట. ఆ చిగుళ్లు వచ్చిన మొగ్గల్లో కొన్ని బెరడు కింద వెయ్యేళ్లుగా నిద్రపోతున్నవట. అంటే నన్నయ్య మహాభారతం తెలుగు చేసే రోజులకు అటూ ఇటూగా ఏర్పడ్డ మొగ్గ, 2020లో అవసరం పడితే లేచింది. మా నాన్నగారికి ఇది చెప్పినప్పుడు చెట్టు ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు.

చూడటానికి వింతగా ఉంటాయి. మామూలు చెట్టులా కొమ్మలు చాపి ఉండవు. నల్లటి స్తంభానికి కింది నుంచి పైదాకా పచ్చటి ఊలు చుట్టినట్టు ఉంటాయి. కొమ్మలు తగ్గడంతో ఎండ నేలకు దిగుతోంది, మంటకు ముందు అక్కడ పట్టపగలే చీకటిగా ఉండేది. కింద పొదలు విరగబడి పెరిగాయి. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత వెళ్లేవాళ్లకు ఈ రూపం కనిపించదు.

క్యాంపింగ్, పాత టెంట్ క్యాబిన్లు మళ్లీ ఎప్పుడు?

మంటల తర్వాత పార్క్ ప్రధాన భాగంలో రాత్రి బస ఆగిపోయింది. పాతవి పాత చోటే కట్టే ఆలోచన లేదు. భవనాలు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్లు పాత చెట్ల వేర్ల మీద నుంచి తీసి దూరంగా, శాడిల్ మౌంటెన్ లాంటి చోట్లకు మార్చాలని ప్లాన్. ఈ నేల అసలు వారసులైన ఆదివాసుల తరఫున అమా మట్సన్ తెగ వాళ్లూ ఆ చర్చల్లో ఉన్నారు. ఇది ఏళ్ల పని. నాకు మాత్రం ఈ నిర్ణయం నచ్చింది. మా పాత క్యాబిన్ జ్ఞాపకాలు పోతాయి, నిజమే. కానీ వందేళ్లుగా ఆ చెట్ల వేర్ల మీద కార్లు నిలిపాం, చాలు.

రిజర్వేషన్ దొరకలేదు. దగ్గర్లో ఇంకెక్కడికి వెళ్లొచ్చు?

ఫెల్టన్‌లో హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్. పాత చెట్ల మధ్య 0.8 మైళ్ల చదునైన లూప్, వీల్‌చెయిర్, స్ట్రోలర్ వెళ్తాయి. ఆ తోట ఈ మంటలకు చిక్కలేదు. బిగ్ బేసిన్, కోవెల్ రెండూ ఒకే రోజు చూపిస్తే పిల్లలకు మీరేం చెప్పక్కర్లేదు, తేడా వాళ్లే అడుగుతారు.

ట్రైల్ పనుల్లో మనం సాయం చేయొచ్చా?

చేయొచ్చు. శాంటా క్రూజ్ కొండల్లో వాలంటీర్లతో ట్రైల్ పనులు జరుగుతూనే ఉంటాయి. రెండు పార్కులకూ అండగా ఉండే మౌంటెన్ పార్క్స్ ఫౌండేషన్ ఒకటుంది, అక్కడ అడిగితే దారి చూపిస్తారు. చెట్లు కొట్టడం, వంతెనలు కట్టడం శిక్షణ ఉన్నవాళ్లే చేస్తారు. మనకిచ్చేది పలుగు, పార, వెడల్పాటి పళ్ల గొర్రు.

ఒక శనివారం నేను వెళ్లాను. మా నలుగురికీ ఇచ్చింది ముప్పై అడుగుల దారి. నీళ్లు బయటికి పోయేలా అంచు తీసి వాలు సరిచేయాలి. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంట అయింది. అయ్యాక మాకు నేర్పించే పెద్దాయన తన సీసాలోంచి కొంచెం నీళ్లు దారి మీద ఒంపారు. నీళ్లు రెండడుగులు దారి వెంటే వచ్చాయి. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంకో అరగంట తవ్వాం. రెండోసారి ఒంపితే నీళ్లు చక్కగా అడ్డంగా తిరిగి లోయలోకి జారిపోయాయి. ముప్పై అడుగులకు నలుగురం, నాలుగున్నర గంటలు. ఇక మైలుకు 5,280 అడుగులు.

కుక్కను తీసుకెళ్లొచ్చా?

ట్రైల్స్ మీదకి వద్దు. తారు రోడ్డు ఉన్న చోట, పట్టీతో మాత్రమే. ఏ రోడ్డు మీద అన్నది గేటు దగ్గర అడగండి.

పిల్లలు బెరడు ముక్కో, బొగ్గో, చిన్న పిలకో ఇంటికి తెచ్చుకుంటామంటే?

ఏదీ తేకూడదు, చట్టం ఒప్పుకోదు. రెడ్‌వుడ్ లూప్ పక్కనే, దారి దిగకుండా చేతికందే చోట కాలిన మానులు ఉన్నాయి. అరచేయి ఆనించి చూడమనండి. బొగ్గు పొర కింద బెరడు ఇంకా మెత్తగా తగులుతుంది, పిల్లలు ఆశ్చర్యపోతారు. చేతులు నల్లగా అవుతాయి. తుడవడానికి తడి గుడ్డ ఒకటి కారులో ఉంచుకోండి.